రామప్ప గుడికి ఆరుగురం ఆడవాళ్ళం

కార్తీకమాసం వచ్చిందంటే వనభోజనాలకి ఎక్కడికెళదామా అని మా ఇళ్ళల్లో ఒకటే చర్చ. కిందటేడు మగవాళ్ళనీ, పిల్లల్నీ ఇంట్లో వదిలేసి, మేం ఆరుగురు ఆడవాళ్ళమే ఖమ్మం నుంచి రామప్ప గుడికి బయల్దేరాం. వరంగల్ దాకా రైలు, అక్కణ్ణించి సుమారు 70 కిలోమీటర్లు వ్యాను. ములుగు జిల్లాలో పాలంపేట అనే చిన్న ఊళ్ళో ఉందీ గుడి. ముందురోజు రాత్రే పులిహోర కలిపి పెట్టుకున్నాం. దద్దోజనం, గారెలు, గోంగూర పచ్చడి సరేసరి.

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. లోపల కొలువైనవాడు రామలింగేశ్వరస్వామి. అయినా గుడికి శిల్పి రామప్ప పేరే నిలిచిపోయిందని చెబుతారు. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలికట! 2021లో యునెస్కో వారు దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించారు.

ఆరడుగుల ఎత్తున్న పీఠం ఎక్కి తల పైకెత్తితే చూరు కింద నల్లరాతి మదనికలు! నిగనిగలాడుతూ ఇప్పుడే నూనె రాసుకుని వచ్చినట్టుంటారు. ఒకామె కాళ్ళకైతే ఎత్తు మడమల చెప్పులు కూడా ఉన్నాయి. "ఆ నడుములు మనకెక్కడివే!" అని మా వదిన అంటే అందరం పకపకా నవ్వాం.

మా పిన్ని మాత్రం చెయ్యి విరిగిన ఒక బొమ్మ దగ్గరే నిలబడిపోయింది. ఆరేళ్ళ క్రితం పిన్నికి కేన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేశారు. మొదట్లో పెళ్ళిళ్ళకీ, పేరంటాలకీ రావడం మానేసింది. ఇప్పుడు జాకెట్టులో దూది కూడా పెట్టుకోదు. "చెయ్యి విరిగిందని దీన్ని గుళ్ళోంచి తీసేశారుటే? ఇంకా మనం తలెత్తి చూస్తూనే ఉన్నాంగా. నేనూ అంతే!" అంది. మాకెవరికీ మాట రాలేదు.

చెరువు గట్టున చెట్టుకింద విస్తళ్ళు వేసుకుని కూర్చున్నాం. భోజనాలయ్యాక మా తోటికోడలు నన్ను పక్కకి పిలిచింది. "అక్కా, నాకు కుడివైపు చింతగింజంత గడ్డ తగులుతోంది. మూడు నెలలైంది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నా. మగ డాక్టరుకి చూపించాలంటే సిగ్గేసింది" అంది మెల్లగా.

నేను పిన్నిని పిలిచాను. "నొప్పి లేని గడ్డనే ముందు చూపించాలమ్మా. నాకూ నొప్పి లేదు, అందుకే ఏడాది ఆలస్యమైంది" అంది పిన్ని. సోమవారం పొద్దున్నే ముగ్గురం ఆసుపత్రిలో ఉన్నాం. మామోగ్రాం తీశారు, సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు. కేన్సరే. కానీ తొలిదశ. రొమ్ము మొత్తం తీయకుండా గడ్డ వరకే తీసి, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఈ సంక్రాంతికి అరిసెల పాకం తనే పట్టింది.

చెల్లెళ్ళూ! రొమ్ములో తగిలే గడ్డల్లో చాలావరకు కేన్సర్ కావు. అయితే అది తేల్చాల్సింది డాక్టరు, మన భయం కాదు. ముంబయిలో టాటా మెమోరియల్ వారు 1998 నుంచి సుమారు లక్షన్నర మంది స్త్రీలతో ఒక పరిశోధన చేశారు. అందులో సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేశారు. అలా చేయించుకున్న వాళ్ళలో 50 దాటిన వారికి రొమ్ము కేన్సర్ మరణాలు 30 శాతం దాకా తగ్గాయని 2021లో తేలింది. చూశారా, చేతి పరీక్షకే ఇంత ఫలితం! 30 దాటిన ఆడవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష చేసే పథకం ఉంది, అడగండి.

నెలసరి అయిపోయిన నాలుగైదు రోజులకి స్నానం చేసేటప్పుడు మీ ఒళ్ళు మీరే గమనించుకోండి. రొమ్ములోగానీ చంకలోగానీ గడ్డ, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడడం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, దాన్నుంచి రక్తం రావడం, మానని పుండు - వీటిలో ఏది కనిపించినా వెంటనే చూపించుకోండి. రెండు రొమ్ములూ కొంచెం తేడాగా ఉండడం మాత్రం సహజమే, దానికి బెంగ వద్దు.

వీలుంటే చలికాలంలో రామప్పకి వెళ్ళిరండి. ఎండ తక్కువ, చెరువు నిండుగా ఉంటుంది. మీతోపాటు అమ్మనీ, అత్తగారినీ, తోటికోడళ్ళనీ తీసుకెళ్ళండి. ఇంట్లో నోరు దాటని మాటలు చెట్టుకింద కూర్చుంటే బయటికొస్తాయి.