కోడిపుంజు ఈకతో పండుగప్పకి గాలం!

కాశ్మీర్ కొండల మధ్య ఓ సెలయేరు. మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ మనిషి. గాలిలో మెలికలు తిరుగుతూ వెళ్లి నీటి మీద మెత్తగా వాలే దారం, దాని చివర ఈగంత ఎర. అంతలోనే నీళ్లు చిమ్ముకుంటూ పైకి లేచే ట్రౌట్ చేప... ఇన్‌స్టాలో ఇలాంటి రీల్ మీకూ ఎప్పుడో తగిలే ఉంటుంది. చూసి ఊరుకునేవాళ్లు కొందరైతే, 'మన గోదారిలో ఇలా పట్టలేమా?' అని అడిగేవాళ్లు ఇంకొందరు. ఈ కబురు రెండో రకం వాళ్ల కోసం.

ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. గోదారిలో ట్రౌట్ దొరకదు. కానీ ఆ ఆట మాత్రం ఇక్కడ బ్రహ్మాండంగా ఆడొచ్చు. ట్రౌట్‌ని మించిన బలమున్న చేప మన నదీ ముఖాల దగ్గరే ఉంది మరి!

ట్రౌట్ మనకెందుకు లేదు?

ట్రౌట్‌కి చల్లటి నీళ్లు కావాలి. నీటి వేడి 20 డిగ్రీలు దాటిందంటే దానికి ఇబ్బంది మొదలవుతుంది. మే నెల రాజమండ్రి సంగతి మీకు వేరే చెప్పాలా! అసలు అది మన దేశపు చేపే కాదు. బ్రిటిష్ వాళ్లు సరదాగా వేటాడుకోవడానికి గుడ్లను ఓడల్లో తెప్పించి, 1900 ప్రాంతంలో కాశ్మీర్ ఏరుల్లో పెంచారు. నీలగిరుల్లోనూ అలాగే పెంచారు.

చేప సంగతి అలా ఉంచి, పట్టే పద్ధతి చూడండి. మామూలు గాలంలో ఎర బరువుకి దారం వెళ్తుంది. ఫ్లై ఫిషింగ్‌లో దీనికి తిరగేసి... దారానికే బరువు ఉంటుంది, ఆ బరువే ఎరని మోసుకెళ్తుంది. అందుకే గాలికి ఎగిరిపోయే ఈకని కూడా ఇరవై గజాల అవతలికి విసరగలుగుతారు. ఆ ఈకని నీటిలో ప్రాణమున్నదానిలా ఆడించడమే అసలు విద్య.

మన కాలవ గట్ల మీద గాలం కొత్తేమీ కాదు. వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, వానపాము... ఇంతే సరంజామా. జెల్లలు, గొరకలు, మట్టగిడసలు పడతాయి. బెండు మునిగేదాకా కూర్చోవడం మన గాలం. చేప ఎక్కడ నక్కి ఉందో వెతుక్కుంటూ నడవడం ఈక గాలం. తేడా అంతే.

హీరో పండుగప్ప

'పులస పడుతుందా?' గోదారి జిల్లాలో ఎవరికి చెప్పినా అడిగే మొదటి ప్రశ్న ఇదే. పడదండీ. పులస నీటిలోని సూక్ష్మ జీవుల్ని వడగట్టుకుని తినే చేప. ఈకలా కనిపించే ఎర మీదకి ఎగబడదు. ఎర్రనీటికి ఎదురీదే పులస కోసం వల వేయాల్సిందే.

మన ఆటకి సరిపోయేది పండుగప్ప. ఆస్ట్రేలియా వాళ్లు బారముండి అని నెత్తిన పెట్టుకునే చేప ఇదే. దాన్ని ఈకతో పట్టడానికే అక్కడికి విమానాలెక్కి వెళ్తారు. ఉప్పునీరు, మంచినీరు రెండూ దానికి ఒకటే. గుడ్లు పెట్టడానికి ఉప్పునీటి వైపు వెళ్తుంది. పిల్లలు మడ అడవుల మధ్య ఉండే పాయల్లో పెరుగుతాయి. వంతెన స్తంభాల నీడన, నీటిలో పడిన చెట్టు మొద్దుల పక్కన నక్కి ఉండి, ఎదురొచ్చిన చిన్న చేపని నోరు తెరిచి గుటుక్కున లాగేస్తుంది. గాలం తగలగానే నీళ్లలోంచి ఎగిరి తల విదిలిస్తుంది. ఆ ఒక్క క్షణం కోసమే ఇన్ని తిప్పలు!

దీని జీవితంలో ఓ వింత ఉంది. పండుగప్పల్లో చాలా వరకు ముందు మగవిగా ఎదుగుతాయి. కొన్నేళ్లు గడిచి ఒళ్లు చేశాక ఆడవిగా మారతాయి. అంటే మీ గాలానికి పడిన పెద్ద చేప దాదాపుగా తల్లి చేపే. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

ధవళేశ్వరం నుంచి మొదలుపెడదాం. 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది ఇక్కడే. దాని స్థానంలో వచ్చిన బ్యారేజీని ఇప్పుడు చూస్తున్నాం. ఇక్కడి నుంచి గోదారి గౌతమి, వశిష్ఠలుగా విడిపోతుంది. వశిష్ఠలోంచి వైనతేయ చీలుతుంది. బ్యారేజీ దిగువన ఎంత కిందకి వెళ్తే అంత ఉప్పు కలుస్తుంది. పండుగప్ప ఆశ కూడా అంత పెరుగుతుంది.

నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవుకి పంటు మీద దాటి, అంతర్వేది వైపు వెళ్లడం ఓ దారి. వశిష్ఠ సముద్రంలో కలిసే చోట అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడితే ఓ పక్క నది, ఓ పక్క కడలి. ఓడలరేవు దగ్గర వైనతేయ ముఖం ఉంది. గౌతమి పాయ కావాలంటే యానాం. దిండి దగ్గర మాత్రం లంకల అందం చూస్తూ విసరడం నేర్చుకోవడానికి బాగుంటుంది.

వరదల నెలల్లో వెళ్తే నీరు ఎర్రగా ఉంటుంది, చేపకి మీ ఈక కనపడదు. సంక్రాంతి నాటికి నీరు తేటపడుతుంది. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఆటు మొదలై చిన్న పాయల్లోంచి నీరు వెనక్కి జారేటప్పుడు చిన్న చేపలు, రొయ్యలు దాంతోపాటే కొట్టుకొస్తాయి. పాయ మూతి దగ్గర పండుగప్ప కాపు కాస్తుంది. మీరూ అక్కడే కాపు కాయండి. టైమింగ్స్ కోసం ఫోన్‌లో టైడ్ యాప్ ఉంటే చాలు. రేవులో పడవవాళ్లని అడిగితే ఇంకా బాగా చెప్తారు.

ఏం కొనాలి?

ఫ్లై రాడ్లకి నంబర్లుంటాయి. ట్రౌట్‌కి 4, 5, 6 వాడతారు. పండుగప్పకి 8వ నంబర్, తొమ్మిది అడుగుల రాడ్ తీసుకోండి. దారం కూడా అదే నంబర్‌ది కావాలి. రీల్ ఉప్పుకి తుప్పు పట్టనిదై ఉండాలి. చివర కట్టే నైలాన్ మందంగా, కనీసం 40 పౌండ్లది పెట్టండి. పండుగప్ప మొప్ప మూత అంచు బ్లేడులా ఉంటుంది, సన్నటి దారాన్ని కోసి పారేస్తుంది. ఇంటికొచ్చాక అన్నిటినీ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

కొత్తవాళ్లు ముందే ఖరీదైన సెట్టు కొనొద్దు. ఓ మాదిరి రాడ్‌తో స్కూల్ గ్రౌండ్‌లోనో, కోత అయిపోయిన చేలోనో విసరడం ప్రాక్టీస్ చేయండి. గాలం బదులు దారం చివర చిన్న ఉన్ని ముక్క కడితే చాలు.

ఈక కట్టడం ఇలా

ఇదీ మనకి అచ్చొచ్చే పని! ఫ్లై కట్టేవాళ్లు కోడిపుంజు మెడ ఈకల కోసం ప్రపంచమంతా వెతుకుతారు. మన జిల్లాల్లో పుంజు రంగుని బట్టే పేరు. నల్లటిది కాకి, తెల్లటిది సేతు, ఎర్రటిది డేగ. పెరట్లో రాలిన ఈకలో, చికెన్ షాపులో పారేసేవో తెచ్చి కడిగి ఎండబెట్టుకోండి. నెమలి ఈకల జోలికి మాత్రం వెళ్లొద్దు, దానికి చట్టం కాపలా ఉంది.

1/0 లేదా 2/0 సైజు గాలం తీసుకుని చిన్న పట్టకారుకి బిగించండి. కుట్టుదారం గట్టిగా చుట్టి పునాది వేయండి. తోక వైపు రెండు సేతు ఈకలు కట్టండి, అవి చిన్న చేప పొట్ట రంగు. వాటి మీద ఓ కాకి ఈక వస్తే వీపు అవుతుంది. మధ్యలో రెండు మెరుపు పోగులు. మెడ దగ్గర ఓ డేగ ఈకని గుండ్రంగా చుడితే మొప్పలు. ముడి వేసి, నెయిల్ పాలిష్ ఓ చుక్క అద్దండి. కాస్త లోతుకి దిగాలంటే తల దగ్గర బరువైన పూస కట్టాలి. నీళ్లలో వేసి ఆగి ఆగి లాగి చూడండి. ఈకలు ముడుచుకుని విచ్చుకుంటుంటే అచ్చం చేపపిల్ల ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది.

ఒక్క చిక్కుంది. ఎర ముందుకి వెళ్లాలంటే దారం ముందు వెనక్కి పూర్తిగా సాగాలి. కోనసీమలో వెనక ఉండేది కొబ్బరిచెట్టు! ఈక మట్టకి తగులుకుంటే ఇక దింపువాణ్ణి పిలవాల్సిందే. అందుకే దారాన్ని వెనక్కి ఎగరేయకుండా నీటి మీదే దొర్లించి విసిరే 'రోల్ కాస్ట్' ముందు నేర్చుకోండి.

వండుకోవాలా, వదిలేయాలా?

'పట్టిన చేపని వదిలేస్తారా? మతుందా?' అని గట్టు మీద నవ్వుతారు. వాళ్ల నవ్వులో న్యాయముంది. పల్లెకారు వల వేసేది ఇల్లు గడవడానికి. మనం గాలం వేసేది సెలవు గడవడానికి. ఒకే నీటిలో ఇద్దరం ఉన్నప్పుడు తగ్గాల్సింది ఎవరు?

పైగా పెద్ద పండుగప్ప ఆడదని చెప్పుకున్నాం కదా. అలాంటి ఒక్కటి లక్షల గుడ్లు పెడుతుంది. దాన్ని ఫొటో కోసం చంపితే రేపు ఆ పల్లెకారు వలలో పడాల్సినవాటిని కూడా మనమే తీసేసినట్టు. కూరకి కావాలనిపిస్తే ఓ మధ్యరకం చేప చాలు. పెద్దదాన్ని వదిలేయండి. గాలం ముల్లుని ముందే పట్టకారుతో నొక్కేస్తే సులువుగా ఊడుతుంది. చేతులు తడుపుకుని పట్టుకోండి, మొప్పల్లో వేళ్లు పెట్టకండి. ఫొటో తీసేంతసేపూ మీరూ ఊపిరి బిగబట్టండి. మీకు ఆయాసం వచ్చిందంటే దానికీ వచ్చినట్టే.

ఇంకొన్ని మాటలు. కోరింగ అభయారణ్యంలో గాలం వేయకూడదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేటకి నిషేధం. ఆ 61 రోజులూ వాళ్లు పడవ కట్టేస్తే మనం కర్ర పక్కన పెట్టడం మర్యాద. వల వేసిన చోట దారం విసరొద్దు. తెగిన నైలాన్‌ని జేబులో వేసుకుని తెచ్చేయండి. శీతాకాలంలో ఈ తీరానికే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి.

మొదటి రోజే చేప పడుతుందని ఆశపడకండి. పంటు దిగి, టీ తాగి, పడవవాళ్లతో నాలుగు మాటలు కలపండి. పాయ మూతి ఎక్కడుందో, నీరు ఎప్పుడు తిరుగుతుందో తెలిస్తే సగం వేట అయిపోయినట్టే. మిగతా సగం మీ చేతిలోని నాలుగు కోడి ఈకలు చూసుకుంటాయి.