నట్టింట తివాచీ, కిటికీలో మొక్క

సంక్రాంతి దగ్గర పడుతున్నదంటే మా నరసాపురంలో ప్రతి ఇంట్లోనూ దులుపుళ్ళు, కడుగుళ్ళు మొదలవుతాయి. ఒకప్పుడు గోడలకు సున్నం, గుమ్మాలకు పసుపు, పెరట్లో కొత్తగా పాతిన బంతి నారు, ఇంతటితో ఇంటికి పండుగ కళ వచ్చేది. గత కొన్నేళ్ళుగా మరొక ముచ్చట వచ్చి చేరింది. హాల్లోనూ, పడకగదిలోనూ కుండీ మొక్కలు, నేల మీద మెత్తని తివాచీ. మొక్కలకు మనం దూరం పోనక్కరలేదు. కడియం, కడియపులంక నర్సరీలు ఉన్నవి మన గోదావరి గట్టునే. దేశమంతటికీ అక్కడినుంచి లారీలు వెళుతుంటాయి. తివాచీలు మాత్రం ఇప్పుడు ఫోన్ నొక్కితే గుమ్మంలోకి వస్తున్నాయి.

ముందుగా ఒక మాట. కొందరు యువతీ యువకులు దీనిని 'రగ్గు' అంటున్నారు. మన వైపు రగ్గు అంటే చలికి కప్పుకునేది. ఒక పెద్దాయనతో "రగ్గు తీసేయండి" అన్నప్పుడు ఆయన మంచం మీది దుప్పటి తీసి మడతపెట్టి, కాళ్ళ కింద ఉన్నదానిని అలాగే వదిలివేశాడు. కనుక ఈ వ్యాసంలో తివాచీ అనే అంటాను.

తివాచీ మనకు కొత్త వస్తువేమీ కాదు. పారశీక దేశం నుంచి వచ్చి స్థిరపడిన నేతగాళ్ళతో ఏలూరులో ఉన్ని తివాచీల నేత ప్రారంభమైందని చెబుతారు. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనలో ఏలూరు తివాచీలు కొలువుదీరాయి. అయితే నేసినవారి ఇళ్ళలోనూ, మన ఇళ్ళలోనూ పరచుకున్నది తుంగచాప, ఈతచాప, శుభకార్యాలకు జంపఖానా. దీనిని బట్టి మన పూర్వులు గొప్ప ఆరోగ్య శాస్త్రజ్ఞులని నేను చెప్పబోవడం లేదు. ఉన్ని తివాచీ కొనే స్తోమత చాలామందికి లేదు, ఈ ఉక్కలో దాని అవసరమూ లేదు. కానీ చాపకు ఒక సుగుణం ఉంది. పొద్దున్నే లేచి చుట్టి గోడకు ఆనిస్తారు, మురికి అయితే కాలువలో కడిగి ఎండలో వేస్తారు. తివాచీని ఎవరూ రోజూ చుట్టరు.

మా అక్కయ్యకు ఎనభై దాటాయి. బావగారు పోయిన తరువాత ఆ పెద్ద ఇంట్లో ఒక్కతే ఉంటున్నది. పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు. తల్లి గది బోసిగా ఉందని, కాళ్ళకు చలువరాయి చల్లగా తగులుతున్నదని, గత వర్షాకాలానికి ముందు మంచం పక్కన పరచడానికి దట్టమైన కుచ్చులున్న తివాచీ ఒకటి, ఆరేడు కుండీ మొక్కలు తెప్పించి అమర్చారు. ప్రేమతో చేసిన పని. గది నిజంగా అందంగా ఉందని చూసినవారందరూ అన్నారు. కార్తీక మాసంలో ఒక రాత్రి రెండు గంటలకు బాత్రూముకు లేచిన అక్కయ్య పాదం ఆ తివాచీ అంచు కింద దూరింది. ముందుకు తూలి కుడి అరచేయి నేలకు ఆనించింది. మణికట్టు విరిగింది.

వైద్యులు దీనిని కోలీస్ ఫ్రాక్చర్ అంటారు. రుతుక్రమం ఆగిన తరువాత ఎముకలు పలచబడిన స్త్రీలలో ఇది అతి సాధారణం. తుంటి ఎముక విరగలేదు కనుక బంధువులందరూ అదృష్టం అన్నారు. అదృష్టమే. ఆ వయసులో తుంటి విరిగితే శస్త్రచికిత్స, మంచం పట్టడం, పుండ్లు, న్యుమోనియా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఏడాది తిరగకుండానే పోయినవారిని నా ఉద్యోగ జీవితంలో ఎందరినో చూశాను. కానీ అక్కయ్య చిన్ననాటి నుంచి లేసు అల్లిన మనిషి. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఊరంతటికన్నా ఎక్కువ సంబరపడింది తానే. ఆ చేయి ఆరు వారాలు కట్టులో ఉన్నది. కట్టు విప్పిన రోజున సూది పట్టుకోబోయి, వేళ్ళు ముడుచుకోక, దానిని పక్కన పెట్టి మాట్లాడకుండా కూర్చున్నది. ఆ పూట నేనూ ఏమీ మాట్లాడలేకపోయాను.

వృద్ధులు పడిపోవడానికి కారణం ఒక్కటే ఉండదు. నునుపైన టైల్సు, దానిమీద జారే తివాచీ, చీకటి, కంటిలో శుక్లం ఇవన్నీ కలుస్తాయి. రక్తపోటు మాత్రలు వాడేవారికి పడుకుని చటుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రను సాయంత్రం వేసుకుంటే రాత్రి రెండు మూడుసార్లు లేవవలసి వస్తుంది. అక్కయ్య విషయంలో ఆ మాత్రను ఆమె వైద్యుడు ఉదయానికి మార్చాడు. మంచం నుంచి బాత్రూము వరకు గోడ కింది భాగంలో చిన్న దీపాలు పెట్టించాము. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవమని చెప్పాము. తివాచీ తీసేద్దామంటే మాత్రం ఒప్పుకోలేదు.

"ఒరేయ్ తమ్ముడూ, పిల్లలు ముచ్చటపడి పంపారురా. తీసేస్తే వాళ్ళేమనుకుంటారు?"

"చెయ్యి విరిగిందనుకుంటారు అక్కయ్యా."

"అది నా పరాకు. దాని తప్పేముంది?"

ఇలాంటి సందర్భంలో వైద్యశాస్త్రం పెద్దగా అక్కరకు రాదు. అయితే ఆమెకు రెండవ బాధ ఒకటి ఉన్నది. వానలు మొదలైనప్పటి నుంచి తెల్లవారుజామున తుమ్ములు, రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు. చిన్నప్పటి ఉబ్బసం మళ్ళీ తలెత్తింది. ఇక్కడ పాఠకులకు ఒక చిన్న జీవిని పరిచయం చేయాలి.

కొబ్బరికాయల మీద మచ్చలు తెచ్చే నల్లి మన రైతులకు బాగా తెలుసు. ఆ కోవకే చెందినది ధూళినల్లి. మంచాల్లో రక్తం తాగే నల్లి వేరు, ఇది ఎవరినీ కుట్టదు. మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండదు కనుక కంటికి ఆనదు. మన ఒంటినుంచి రోజూ రాలే చర్మపు పొట్టే దాని ఆహారం. నీళ్ళు తాగదు, గాలిలోని తేమను ఒంటితో పీల్చుకుంటుంది. అందుకే గాలిలో తేమ యాభై శాతానికి తక్కువగా చాలాకాలం ఉంటే ఎండి చనిపోతుంది. ఒకవైపు వశిష్ఠ గోదావరి, మరొకవైపు సముద్రం ఉన్న మా ఊళ్ళో తేమ అంతగా తగ్గే రోజులు అరుదు. ఈ నల్లి విసర్జించే రేణువులు గాలిలో లేచి ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి పోయి, సరిపడనివారికి ఉబ్బసం తెస్తాయి. ఇంటి దుమ్ము పడకపోవడానికి అసలు దోషి ఈ నల్లే అని 1960ల్లో తేల్చినవారు నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు. వాళ్ళదీ మనలాగే నదులు సముద్రంలో కలిసే పల్లపు దేశం, చెమ్మగోడల ఇళ్ళు. ఒకప్పుడు బట్టల వ్యాపారానికి మన పాలకొల్లులో కాపురం పెట్టింది కూడా ఆ డచ్చివారే.

పరుపు, దిండు, కుచ్చుల తివాచీ ఈ నల్లికి నివాసయోగ్యమైన స్థలాలు. వాక్యూమ్ యంత్రంతో పైదుమ్ము పోతుంది కానీ, కుచ్చుల మొదళ్ళను పట్టుకున్న నల్లి కదలదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి 55 డిగ్రీలకు మించిన వేడినీటిలో ఉతికితే చస్తుంది. తివాచీని అలా ఉతకలేము. మండుటెండలో డాబా మీద రెండు వైపులా తిరగవేసి ఆరబెడితే చాలావరకు మేలు, వర్షాకాలంలో ఆ ఎండ ఎక్కడిది? ఉబ్బసం, ముక్కు అలర్జీ ఉన్నవారి పడకగదిలో తివాచీ వద్దని నేను నిర్ద్వంద్వంగా చెబుతాను. కాళ్ళకు చల్లదనం పడకపోతే మేజోళ్ళో, ఇంట్లో వేసుకునే వెనుక పట్టీ ఉన్న చెప్పులో వాడవచ్చు. పరచుకోవాలనే కోరిక ఉంటే వరంగల్ జంపఖానాల వంటి పలుచని నూలు నేత మేలు. ఉతకవచ్చు, ఎండవేయవచ్చు. దాని కింద జారకుండా రబ్బరు జాలీ వేయాలి, నడిచే దారిలో కాక బల్ల కింద, సోఫా కాళ్ళ కింద ఉండాలి.

నల్లి సంగతి విన్నాక అక్కయ్య మెత్తబడింది. తివాచీ డాబా ఎక్కింది. వీడియోలో కూతురు "అమ్మా, తివాచీ ఏదీ?" అంటే "ఎండలో వేశానే" అని పది రోజులు నెట్టుకొచ్చింది. చివరకు నేనే మేనకోడలికి విషయం చెప్పాను. కొంతసేపు మౌనంగా ఉండి, "మావయ్యా, అయితే మొక్కలు కూడా తీయించేయమంటారా?" అని అడిగింది. తివాచీ తీశాక అక్కయ్యకు పిల్లికూతలు తగ్గిన మాట నిజమే. ఒక మనిషికి జరిగినదానిని రుజువు అనను. చలి తగ్గింది, మందూ సరిగ్గా పీల్చడం నేర్చుకున్నది.

మొక్కల విషయంలో నా సమాధానం వేరు. అవి గాలిని శుద్ధి చేస్తాయనే ప్రచారాన్ని మాత్రం నేను నమ్మను. దీనికి మూలం 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం వోల్వర్టన్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలు. గాలి చొరబడని చిన్న పెట్టెల్లో మొక్కలు పెట్టి, బెంజీన్ వంటి ఆవిరులు తగ్గడం గమనించారు. మన ఇల్లు మూసిన పెట్టె కాదు. 2019లో ఇలాంటి పరిశోధనలన్నింటినీ కలిపి లెక్కకట్టిన ఇద్దరు అమెరికా పరిశోధకులు, మామూలు గాలి మార్పిడి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేల్చారు. పదడుగులు, పన్నెండడుగుల గదికి తక్కువలో తక్కువ నూటపది కుండీలు. మంచం ఎక్కడ వేసుకుంటాము? గాలి బాగుండాలంటే కిటికీ తెరవాలి, వంటగదిలో పొగ బయటకు లాగే ఫ్యాను ఉండాలి, మూసిన గదిలో దోమల చుట్టలు కాల్చడం మానాలి. రాత్రిపూట మొక్కలు ప్రాణవాయువును పీల్చేస్తాయనే భయమూ అలాంటిదే. పక్కన పడుకున్న మనిషి వదిలే బొగ్గుపులుసు వాయువు ముందు నాలుగు కుండీలది లెక్కలోకి రాదు.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే చూడవలసినది వేరొకటి ఉంది. కంద, చేమ గొంతులో దురద పెడతాయని మన ఆడవాళ్ళకు తెలుసు. అందుకే చింతపండు పులుసు పోసి బాగా ఉడికిస్తారు. ఆ దురదకు కారణం వాటి కణాల్లో కట్టలుకట్టలుగా ఉండే సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. మనం ఇంట్లో ముచ్చటగా పెంచే మనీప్లాంట్, తెల్లమచ్చల వెడల్పాకు డైఫెన్‌బాకియా, ఫిలోడెండ్రాన్ అన్నీ ఆ కంద కుటుంబానివే. పాకే బిడ్డ డైఫెన్‌బాకియా ఆకు కొరికితే నోరు మండి, నాలుక, పెదవులు వాచిపోతాయి. నోట్లోని ముక్కలు తీసి, నీళ్ళతో కడిగి, చల్లని పాలు పట్టవచ్చు. వాంతి చేయించకూడదు. మింగలేకపోయినా, గొంతు బొంగురుపోయినా, ఊపిరి కష్టమైనా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. రసం కంట్లో పడితే పావుగంట ధారగా కడగాలి. గన్నేరు, కుండీల్లో పెంచే ఎడారి గులాబీ గుండెను దెబ్బతీసే విషం గలవి. పసివాళ్ళు తిరిగే ఇంట్లో వాటికి చోటు లేదు. అందరూ పెట్టుకుంటున్న పాముచార మొక్క మన పెద్దలు చాగ అని పిలిచి నార తీసిన మొక్కకు దగ్గరి చుట్టం. దానితో ప్రమాదం స్వల్పం.

గులాబీకి పురుగు పట్టిందని పొలానికి తెచ్చిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి గట్టు మీద పెట్టేవారు ఉన్నారు. ఆ సీసా ఎత్తిన పిల్లలకు రాత్రంతా అట్రోపిన్ ఎక్కిస్తూ కూర్చున్న వైద్యుడిగా చెబుతున్నాను, ఇంటి మొక్కకు వేపనూనె మించినది అక్కరలేదు.

ఇక దోమ. కుండీ కింది పళ్ళెంలో నిలిచిన నీళ్ళు, గాజుసీసాలో వేసిన మనీప్లాంటు నీళ్ళు డెంగ్యూ దోమకు ఇష్టమైన తావులు. గుడ్డు దోమ కావడానికి మా వాతావరణంలో వారం, పది రోజులు చాలు. నీళ్ళు పారబోస్తే చాలదు. గుడ్లు అంచులకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, మళ్ళీ తడి తగలగానే పొదుగుతాయి. పళ్ళేన్ని, సీసాను పీచుతో రుద్ది కడగాలి. శుక్రవారం డ్రై డే అని ప్రభుత్వం చెప్పేది ఇందుకే.

క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారి గదిలో, అవయవ మార్పిడి జరిగినవారి గదిలో మట్టికుండీలు వద్దు. తడిమట్టిలోని బూజు వారి ఊపిరితిత్తులకు చేటు. మిగిలినవారికి అభ్యంతరం లేదు.

ఇన్ని షరతులు చెప్పి మొక్కలను ఎందుకు ఉంచమన్నానంటే, బావగారు పోయాక అక్కయ్య ఎనిమిదింటి వరకు మంచం దిగేది కాదు. ఎవరికోసం లేవాలి అనేది. ఇప్పుడు ఆరింటికే లేచి కుండీలకు నీళ్ళు పోస్తున్నది, ఆకులు తుడుస్తున్నది, కొత్త చిగురు వస్తే పక్కింటివాళ్ళను పిలిచి చూపిస్తున్నది. దీనికి నేను మందుచీటీ మీద రాయగలిగిన మందు ఏదీ లేదు. డైఫెన్‌బాకియాను మాత్రం మునిమనుమరాలు వచ్చే వేసవికి ముందే పక్కవీధి వారికి ఇచ్చేశాము. సీసాలోని మనీప్లాంటు మట్టిలోకి మారింది. నీళ్ళ చెంబు బరువు ఎత్తడం మణికట్టుకు వ్యాయామంగా పెట్టాను. మొదట పావు చెంబు, తరువాత అర చెంబు. శుక్రవారం పొద్దున్న నేను వెళ్ళేసరికి పళ్ళేలన్నీ బోర్లించి ఎండలో ఉంటున్నాయి. పోయిన వారం ఆ పళ్ళేల పక్కన, అరుగు మీద, లేసు దారపు ఉండ కూడా కనిపించింది. అల్లింది నాలుగు వరుసలే, అవీ కొంచెం వదులుగా ఉన్నాయి.