నీళ్లు మానేసి పెళ్లికి

పోర్టులో సరుకు దించుతూ పైనుంచి పడి వెన్నుపాము దెబ్బతిన్న ఒకాయన మాటిమాటికీ చలిజ్వరంతో నా దగ్గరికి వచ్చేవారు. ప్రతిసారీ మూత్రంలో ఇన్‌ఫెక్షనే. వెన్నుపాము దెబ్బతింటే కాళ్లు చచ్చుబడడంతో ఆగదు, మూత్రాశయం కూడా తనంతట తాను ఖాళీ కాదు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్నటి కాథెటర్ గొట్టంతో ఖాళీ చేసుకోవాలి. ఆ పని ఆయనకు బాగా వచ్చు. మరి లోపం ఎక్కడని అడిగితే చెప్పారు: "మేనకోడలి పెళ్లికెళ్లానండి. బాత్రూమ్ మేడమీదున్నాది. పొద్దున్నుంచీ నీళ్లు ముట్టలేదు. రాత్రి ఇంటికొచ్చాకే గొట్టం పెట్టుకున్నాను."

విశాఖ ఉక్కపోతలో పగలంతా నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడుతుంది. నిలవున్న మూత్రంలో క్రిములు పెరుగుతాయి, రాళ్లు కడతాయి, చివరికి కిడ్నీలు దెబ్బతింటాయి. ఛాతీ మధ్యభాగానికి పైన వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలోనైతే మూత్రాశయం నిండిపోతే బీపీ ఒక్కసారిగా ప్రాణాపాయమయ్యేంత పెరగొచ్చు. యాంటీబయాటిక్‌తో ఆయన జ్వరం తగ్గింది. జబ్బుకు మూలం మాత్రం ఫంక్షన్ హాలు మెట్ల దగ్గరే ఉంది.

కండరాల క్షీణతతో నడవలేని ఒక డిగ్రీ విద్యార్థిని స్నేహితులతో ఆర్కే బీచ్‌కి వెళ్లింది. అక్కడి ఐఎన్‌ఎస్ కుర్సురా 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి, 2002లో మ్యూజియంగా మారిన జలాంతర్గామి. లోపల ఒళ్లు వంచి, కాలెత్తి దాటాల్సిన ఇరుకు ద్వారాలు. ఆమె బయటే ఉండిపోయింది. "అది యుద్ధానికి కట్టిందండి, దాన్ని నేనేమీ అనను. తర్వాత టిఫిన్‌కెళ్లిన హోటల్‌కి ఆ మూడు మెట్లూ ఎందుకండి?" అంది. చక్రాల కుర్చీతో సహా ఎత్తుతామంటే ఒప్పుకోలేదు. తినకుండానే ఇంటికి వచ్చేసింది.

అడ్డంకి ఎప్పుడూ మెట్లే కానక్కర్లేదు. నేవీ డే విన్యాసాల్లో యుద్ధవిమానాల హోరుకి ఆటిజం ఉన్న ఒక పిల్లాడు చెవులు మూసుకుని కేకలు పెడితే, పక్కవాళ్లు తల్లికి పెంపకం రాదన్నారు. మరుసటేడు ఆమె వాడి చెవులకు శబ్దం తగ్గించే మఫ్స్ పెట్టి, జనం పలచగా ఉండే రిహార్సల్ రోజున దూరం నుంచి చూపించింది. వాడు చివరిదాకా చూశాడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రజలకు సేవలందించే ప్రైవేటు సంస్థలకూ అది వర్తిస్తుంది. దివ్యాంగులకు కల్పించాల్సిన సదుపాయాల ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నిబంధనలు కావాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవున్న ర్యాంప్, చక్రాల కుర్చీ పట్టే తలుపు, కింది అంతస్తులో ఒక బాత్రూమ్. కొత్తగా కట్టే హాలుకి ఇవేమీ మోయలేని ఖర్చు కాదు.

మీ ఇంట్లో పెళ్లికి హాలు మాట్లాడేటప్పుడు భోజనాల రేటుతో పాటు ఈ మూడూ అడగండి. మీకు అవసరం లేకపోయినా అడగండి. అడిగేవాళ్లు పెరిగితే కట్టేవాళ్లు కడతారు.