మా ఒళ్ళు మాకు కావాలె

తెలుగులో ఒళ్ళు వంచే పనులకున్న మాటలు ఒకసారి లెక్కపెట్టండి. కసరత్తు, కుస్తీ, పహిల్వాన్, మైదానం, తాలింఖానా... ఇవన్నీ ఉర్దూ మీదుగా మీ నాలుకల మీదికొచ్చిన మాటలు. మాటలిచ్చిన మా ఇళ్ళల్లో ఇవాళ ఒళ్ళు కదలడం లేదు. నలభై దాటకుండానే మోకాళ్ళు పట్టుకుని లేచే అమ్మీలున్నారు. రెండు అంతస్తులెక్కితే గోడకానుకుని నిలబడే అబ్బాలున్నారు. షుగర్ గోలీలు లేని ఇల్లు మా గల్లీల్లో వెతుక్కోవాలి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరుందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కగట్టింది. ఈ జబ్బుకి మతం లేదు. కానీ నడవడానికి జాగా ఉన్న బస్తీ, లేని బస్తీ అనే తేడా మాత్రం ఉంది.

'తాలీం' అంటే చదువు. దక్కన్‌లో కుస్తీ నేర్పే చోటునీ తాలీం అనే అన్నారు. బడికీ, అఖాడాకీ ఒకటే పేరు! ఒంటికి నేర్పేది కూడా చదువేనని మా పెద్దల ఎరుక. ఆ మాటే కోస్తా ఊళ్ళకెళ్ళి తాలింఖానా అయింది. అక్కడ పండగ ఊరేగింపుల్లో కర్రసాము, కత్తిసాము చేసేవాళ్ళలో ఏ మతమని అడిగేవాళ్ళు లేరు. హైదరాబాద్ బార్కస్‌లో, నిజాం ఫౌజుకి అరబ్బు దేశం నుంచొచ్చిన చావుష్‌ల వాడలో, కుస్తీ ఇంటి విద్యలా నిలిచింది.

మరి పహిల్వాన్ సంగతేమైంది? ఉర్దూలో రాసేటప్పుడు ఆ మాటకి ఇప్పటికీ ఇజ్జత్ ఉంది. పొద్దున్నే లేచేవాడు, పాలు తాగేవాడు, లంగోటా కట్టు తప్పనివాడు. అదే మాట తెలుగు పేపర్లోకొచ్చేసరికి క్రైమ్ పేజీలో కూచుంటుంది. సెటిల్‌మెంట్లు చేసేవాడు, భూములు కబ్జా పెట్టేవాడు. సినిమాలో గళ్ళ లుంగీ, మెడలో తాయెత్తు, చేతిలో కత్తి... బలిసిన సాయిబు ఒళ్ళంటే భయపడాల్సిన ఒళ్ళు. బక్కచిక్కిన సాయిబు ఒళ్ళంటే పంక్చర్ షాపులో నవ్వుకోవాల్సిన ఒళ్ళు. ఈ రెండింటి నడుమ ఆరోగ్యంగా, మామూలుగా ఉండే మా ఒళ్ళు ఎవరికీ కనపడదు.

కనపడిన రోజులు లేకపోలేదు. సయ్యద్ అబ్దుల్ రహీం అని హైదరాబాద్‌లో ఒక బడిపంతులు ఉండేవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. రహీం సాబ్ 1963లో కన్నుమూశారు. ఆయన ఆడించిన పిల్లలు నవాబుల బిడ్డలు కారు. గల్లీల్లో, బడి మైదానాల్లో ఆడి పైకొచ్చినవాళ్ళు.

ఇప్పుడా మైదానాలేవి? ఒకదాంట్లో మల్గీలు లేచాయి. ఒకదాంట్లో ఫంక్షన్ హాలు లేచింది. మిగిలినదాంట్లో లారీలు నిలబడతాయి. ముస్లిం బస్తీల్లో కనీస సౌకర్యాలు ఎంత తక్కువో 2006లో సచార్ కమిటీ చెప్పనే చెప్పింది. 'రోజూ వాకింగ్ చెయ్యండి' అని డాక్టరు చీటీ మీద రాస్తాడు. ఎక్కడ చెయ్యాలో రాయడు. మోరీ పక్కనా? ఆటోల మధ్యనా? పోనీ మా పిల్లలు పదిమంది కలిసి పొద్దున్నే దండీలు, బస్కీలు తీశారనుకోండి, 'ఏం ట్రైనింగ్ రా?' అని చూపులు మొదలవుతాయి. అదే కసరత్తు ఇంకో మైదానంలో క్రమశిక్షణ, మా గల్లీలో అనుమానం! ఒళ్ళు పెంచుకోవడానికి కూడా మేము సంజాయిషీ ఇచ్చుకోవాల్నా?

ఇదంతా మగవాళ్ళ గోడు. మా ఆడవాళ్ళకి పోగొట్టుకోవడానికి మైదానమే ఎన్నడూ లేదు. వాళ్ళ పనులు చూడండి. లాడ్‌బజార్ కోసం లక్కగాజులు చేసే ఆమె కొలిమి ముందు కూచుంటుంది. కార్చోబ్ పని చేసే పిల్ల మగ్గం మీదికి వంగి కూచుంటుంది. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని కూచుంటుంది. పొద్దంతా చేతులకి పని, కాళ్ళకి తుప్పు. రాత్రికి నడుములు లాగేస్తాయి. 'ఇంత పని చేస్తున్నా, ఇంకా వ్యాయామమా?' అంటే తప్పు పట్టలేం. అయితే అలసిపోవడం వేరు, ఒంటికి కసరత్తు దొరకడం వేరు. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలైనా కాస్త ఆయాసం వచ్చేలా కదలడం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. రోజుకి ఇరవై, పాతిక నిమిషాలు. ఆ పాతిక నిమిషాలు మా అమ్మీలకి తమవి అనుకునే హక్కుందా?

'ఐదు పూటలా నమాజు చదువుతాం, అదే కసరత్తు' అంటారు కొందరు పెద్దలు. రోజుకి పదిహేడు రకాతుల ఫర్జ్ నమాజులో వంగడం, లేవడం కీళ్ళకి మేలే. కానీ నమాజు ఇబాదత్. దాన్ని వాకింగ్‌కి బదులుగా లెక్కేస్తే రెంటికీ న్యాయం జరగదు. మస్జిదుకి నడిచే ప్రతి అడుగుకీ పుణ్యముందని నేర్పుతారు, మనం రెండు గల్లీల దూరానికి స్కూటర్ తీస్తాం. ఇంట్లో నమాజు చదివే ఆడవాళ్ళకి ఆ నడకా లేదు. పరదా పేరు చెప్పి వాళ్ళని కూచోబెట్టేవాళ్ళకి ఒక సంగతి గుర్తు చెయ్యాలి. హజ్రత్ ఆయిషా ప్రవక్త(స)తో పరుగు పందెం వేశారనీ, ఒకసారి గెలిచారనీ హదీసుల్లో ఉంది. పద్నాలుగు వందల ఏళ్ళ కింద పరుగెత్తినామె వారసురాళ్ళు ఇవాళ పార్కులో నడిస్తే దీన్ ఎట్లా చెడుతుంది?

నిఖత్ జరీన్‌ది బీడీల జిల్లా నిజామాబాదే. ఆడపిల్లకి బాక్సింగేంటని, ఆ బట్టలేంటని మాటలు పడింది. ఆటగాడైన తండ్రి వెనక నిలబడ్డాడు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. ఇప్పుడందరూ 'మా బిడ్డ' అంటున్నారు. సంతోషమే. కానీ అందరు పిల్లలూ నిఖత్‌లు కానక్కర్లేదు. ఏ కప్పూ తేని, ఏ పేపర్లోకీ ఎక్కని మామూలు ముస్లిం స్త్రీ అరవై ఏళ్ళొచ్చినా తన కాళ్ళ మీద బజారుకి పోయొస్తే చాలు. మేమడిగేది అంతే.

దానికి సర్కారు మైదానాలివ్వాలి. అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. అప్పటిదాకా చేతిలో ఉన్నవి చూద్దాం. మా ఫంక్షన్ హాళ్ళు అర్ధరాత్రి దాకా దావత్‌లతో మేలుకుని, పొద్దున పూట ఖాళీగా పడుంటాయి. చుట్టూ ప్రహరీ, లోపల జాగా. ఫజర్ నుంచి ఏడింటి దాకా ఆ గేటు ఆడవాళ్ళకి తెరిస్తే యజమానికి పోయేదేముంది? ఈద్గాలు ఏడాదికి రెండు పండగలకే నిండుతాయి. మిగతా రోజులు పిల్లల్ని ఆడుకోనివ్వండి. జుమ్మా బయాన్‌లో ఒక వారం షుగర్ గురించి, ఒక వారం బీపీ గురించి చెప్పించండి. నమాజయ్యాక మస్జిదు వరండాలో పరీక్షలు చేయించండి. దావత్‌లో రాత్రి పన్నెండింటికి దస్తర్‌ఖాన్ పరిచే అలవాటు మానండి. అంత రాత్రి బిర్యానీ మీద డబల్ కా మీఠా తినిపించి పంపడం మెహమాన్ నవాజీ కాదు.

గరీబు ముసల్మానుకి ఆస్తంటే ఒళ్ళే. ఆటో నడిపినా, దూది ఏకినా, గాజులు చేసినా దాని మీదే ఇల్లు నడుస్తుంది. ఆ ఆస్తి పడిపోయిన రోజు పిల్లల బడి ఆగిపోతుంది, అప్పులోడు గుమ్మంలో నిలబడతాడు. భద్రత కోసం, కొలువుల కోసం, భాష కోసం కొట్లాడే మేము, కొట్లాడే ఒంటి కోసం కూడా కొట్లాడాలి. అక్కా, ఆపా, ఖాలా... రేపు ఫజర్ అయ్యాక చెప్పులేసుకోండి. ఒక్కరు వద్దు, నలుగురు కలిసి కదలండి. గల్లీ చివరి దాకా నడవండి. ఎవరన్నా ఎక్కడికని అడిగితే, ఎక్కడికీ కాదు, నడుస్తున్నామని చెప్పండి.