సిడ్నీ నగరమున ఒక విందు

గత వేసవి సెలవులలో మావారితో కూడ ఆస్ట్రేలియాకు బోయి, సిడ్నీ నగరమున మా చెల్లెలి యింట మూడువారము లుంటిని. మనకు రోహిణికార్తె యెండలు కాయుచుండగా అచట శాలువ లేనిది వీధిలోనికి రాజాలము.

చెల్లెలు మలేషియాలో పుట్టిన చీనా యువకుని వివాహమాడి ఆరేండ్లైనది. దంపతులు మా పుట్టింటికి ఒక్కమారే వచ్చిరి. ఆనాడు పంక్తిలో మరది, మర్యాద చేయుచున్నాననియే తలచి, తినుచున్న చేతితో నేతిగిన్నె నెత్తి నాయనగారి కందిచ్చెను. నాయనగారు మాటాడక ఉత్తరాపోశనము పట్టి లేచిపోయిరి. అటుపిమ్మట రాకపోకలు నిలిచిపోయినవి.

ఒక పూర్ణిమనాడు చెల్లెలి అత్తగారు మమ్ము విందునకు పిలిచిరి. విందు వారి యింట గాదు, విక్టోరియారాణి పేరిటి గొప్ప విపణిభవనమునందు. ఆ భవనము 1898లో పాతసంత యున్నచోట కట్టబడినది. అది కరవుకాలము, పనిలేక యున్న రాతిపనివారికిని, రంగుటద్దముల శిల్పులకును కూడు గల్పించుటకై దాని నంత విస్తారముగా నిర్మించిరట. పిమ్మట దానికి దుర్దశ పట్టెను. ఒకానొకప్పుడు కూలగొట్టి మైదానము చేయుదమనియు తలచిరి. తుదకు మలేషియాకు చెందిన సంస్థ యొకటి దానిని తొంబదితొమ్మిదేండ్ల కౌలునకు దీసికొని బాగుచేయగా, 1986లో మరల తెరచిరి. 2009లో మరియొకమారు మెరుగులు దిద్దిరి. నడుమ నున్న పెద్ద గుమ్మటముక్రింద నిలిచి తలయెత్తితినేని, దేవాలయ మంటపమున నిలిచినట్లే తోచెను.

భోజనశాల పైయంతస్తున గలదు. తెల్లని బల్లగుడ్డలు, సన్నని పింగాణి, మెత్తగా నడచు పరిచారకులు. వెలలపట్టిక చూచి మావారు తమ జీతమును మనస్సున భాగహారము చేయుచుండిరి. నాకు మాత్రము భయము వేరు. చీనావంటలలో కూరలకు సైతము ఆల్చిప్పల రసమో, పందికొవ్వో తగులవచ్చునని వినియుంటిని. ఎట్లడుగుదునా యని తలవంచుకొని యుండగా ఆ పెద్దమ్మగారు నవ్వి చెల్లెలితో నేదో చెప్పిరి.

“అక్కయ్యా, నీవు నిశ్చింతగా తినుము. చాంద్రమాసమున మొదటి దినమునను, పదునైదవ దినమునను అత్తగారు శాకాహారమే భుజింతురు. ఉల్లి, వెల్లుల్లి సైతము ముట్టరు. అందుకే ఈ దినము నేర్పరచిరి” అని చెల్లెలు చెప్పెను.

నాకు మాట రాలేదు. మా అమ్మ యేకాదశినాడు పాటించు నియమము సముద్రముల కావల నింకొక తల్లి పాటించుచున్నది!

మొదట మల్లెల పరిమళము గల టీ వచ్చినది. పెద్దలే పిన్నల గిన్నెలు నింపిరి. మరది రెండువ్రేళ్లతో బల్లను మెల్లగా తట్టెను. అది వారిలో కృతజ్ఞత దెలుపు పద్ధతియట. వెదురుబుట్టలలో ఆవిరిమీద నుడికిన పలుచని కుడుములు, వానిలో పుట్టగొడుగులును కూరలును, తామరదుంపల ముక్కలు, సోయాపాలు విరిచి చేసిన టోఫూ. నువ్వులద్ది వేచిన యుండలు కొరికితినిగదా, పైన జిగటబియ్యపుపిండి, లోన తీయని యెఱ్ఱచిక్కుళ్ల ముద్ద — మన పూర్ణపు బూరెకు తోబుట్టువే! వడ్డించుటకు వేరుపుల్లలు, తినుటకు వేరుపుల్లలు. ఎంగిలి తగులకుండుట కింత జాగ్రత్త యుండునని నేనెఱుగను.

నాకు పుల్లలతో తినుట చేతగాక, విసిగి వానిని అన్నపుగిన్నెలో నిలువుగా గ్రుచ్చి చేయి దులుపుకొంటిని. పెద్దమ్మగారి ముఖము క్షణకాలము మారినది. మరుక్షణమున నేమియు జరుగనట్లే వానిని దీసి నాప్రక్కను అడ్డముగా బెట్టి, ఒక చెంచా నా చేతికిచ్చి, మరియొక కుడుము వడ్డించిరి.

ఇంటికి వచ్చుచు, చెల్లెలిని గ్రుచ్చి గ్రుచ్చి యడిగితిని. అన్నమున పుల్లలు నిలుపుట మృతులకు పెట్టు అన్నమునకే చెల్లునట. శుభమునకు పిలిచిన పంక్తిలో నేను పిండము బెట్టినట్లు చేసితిని. ఆమె లేచిపోలేదు.

ఆ రాత్రియే నాయనగారికి ఉన్నదున్నట్లు వ్రాసితిని. నా తప్పును దాచలేదు, నేతిగిన్నె ప్రస్తావన తేలేదు. మేము స్వస్థలము చేరిన నాల్గవనాడు వారి యుత్తరము వచ్చినది. కుశలప్రశ్నల క్రింద రెండే పంక్తులు: “సంక్రాంతికి చెల్లెలిని, అల్లుని రమ్మని వ్రాయుము. వియ్యపురాలుగారు వచ్చునెడల పూర్ణిమనాటి వంటకు మన యింట చిక్కు లేదు.”