రేవు మాట వినీ వినీ: దుగరాజపట్నం

కోట మీదుగా వాకాడు చేరి, అక్కడి నుంచి సముద్రం వైపు సాగితే దారి పొడవునా నేల మారిపోతూ ఉంటుంది. స్వర్ణముఖి నీళ్లు తాగే వరిచేలు వెనకబడతాయి. రొయ్యల గుంటలు, తాటిచెట్లు, సరుగుడు తోపులు వస్తాయి. బకింగ్‌హాం కాలువ, ఆపైన ఇసుక, ఇసుక మీద దుగరాజపట్నం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది కానీ ఇక్కడి మాట, చేపల పులుసు, చుట్టరికాలు నెల్లూరివే.

ఇంత మారుమూల ఊరికి ఎందుకు వెళ్లాలి? చెన్నపట్నానికి ముందు ఆంగ్లేయులు కోట కట్టుకున్నది ఇక్కడే గనుక. మచిలీపట్నంలో స్థానిక అధికారులతో గొడవలు పడి, వాళ్లు ఈ తీరానికి వచ్చి 1626లో వర్తక స్థావరం పెట్టుకున్నారు. వాళ్ల కాగితాల్లో దీని పేరు ఆర్మగాన్. కొద్దికాలానికే పన్నెండు ఫిరంగులతో చిన్న కోట లేచింది. మన దేశంలో ఆంగ్లేయుల మొదటి కోట ఇదేనని చరిత్రకారులు రాశారు. కానీ వ్యాపారం సాగలేదు. దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్లు 1613 నాటికే కోట కట్టుకుని బట్టల బేరం చేతిలో పెట్టుకున్నారు. ఇక్కడి నాయకుడితోనూ పొసగలేదు. స్థావరం అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెతుక్కుంటూ పోయి, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసు నేలకు అనుమతి పత్రం సంపాదించాడు. మరుసటి ఫిబ్రవరిలో డే, మరో ఆంగ్ల అధికారి కోగన్ కలిసి మనుషులతో, సరుకుతో ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆ తర్వాత మద్రాసు ఏమైందో అందరికీ తెలుసు. దుగరాజపట్నం పేరు మన బడి పుస్తకాల్లో ఒక్క వాక్యంగానైనా ఉండాలని నా పట్టుదల.

కోట చూద్దామని వెళ్లొద్దు, చూడవలసింది సముద్రాన్ని. తీరానికి కొన్ని మైళ్ల దూరంలో నీటి అడుగున పొడవాటి ఇసుకమేట ఉంది. బయటి అలల జోరు అక్కడ విరిగిపోతుంది, లోపలి నీళ్లు కొంత నెమ్మదిగా ఉంటాయి. కోరమాండల్ తీరంలో ఓడ నిలవడానికి ఇలాంటి చాటు దొరకడం అరుదు. అందుకే 19వ శతాబ్దపు నావికులు దీన్ని బ్లాక్‌వుడ్ హార్బర్ అని పటాల్లో రాసుకున్నారు. తెలియక వచ్చిన ఓడకు అదే మేట ప్రమాదం కూడా. దీపస్తంభం అవసరమైంది అందుకే.

రేవు ఆశ మళ్లీ 2014లో చిగురించింది. రాష్ట్ర విభజన చట్టంలోనే ఇక్కడ పెద్ద ఓడరేవు కట్టాలని, 2018 ఆఖరుకు తొలిదశ పూర్తి కావాలని రాశారు. పక్కనే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, పులికాట్ సరస్సు, ఉత్తరాన కృష్ణపట్నం రేవు. ఇన్నిటి మధ్య అది గిట్టుబాటు కాదన్నారు, పని మొదలే కాలేదు. ఇప్పుడు ఓడల తయారీ కేంద్రం అంటున్నారు.

ఈ ఊళ్లు మాత్రం రేవు కోసం ఆగలేదు. మత్స్యకారులుండే పట్టపుపాలేల్లో తెల్లవారకముందే ఫైబరు పడవలు నీళ్లలోకి దిగుతాయి. రాకెట్ ఎగిరే రోజు వేటకు వెళ్లొద్దని కబురు వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలూ వలల మరమ్మతు, అప్పుల లెక్క. ఇసుక నేలలో రైతులు దొరువులు తవ్వి నీళ్లు తోడుకుంటారు. వానల నీరు ఉప్పునీటి పైన తేలికగా నిలుస్తుంది కాబట్టి లోతుకు పోకుండా పైపైనే తోడాలి. బోరు దింపి గట్టిగా లాగితే ఉప్పు పైకొస్తుంది. తరాలుగా వచ్చిన ఈ తెలివిని ఏ పరిశ్రమ వచ్చినా కాపాడుకోవాలి.

వెళ్లదలిస్తే డిసెంబరు, జనవరి మంచివి. పులికాట్ నిండి రాజహంసలు దిగే కాలం, నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు పిల్లలను పెంచే కాలం కూడా అదే. తూపిలిపాలెం తీరం దగ్గరలోనే ఉంది. బస చేయాలంటే నాయుడుపేటో గూడూరో చూసుకోండి. పడవలు ఒడ్డుకు చేరే వేళకు తీరంలో ఉండండి, చేపలు అక్కడే బేరమాడి కొనుక్కోవచ్చు.