రోబో చీపురూ, వైఫై కలపడమూ, నా పాత పొరపాటూ



శీర్షిక చూసి, వైద్య విషయాలు రాసే ఈయనకు చీపురు యంత్రాలతో పనేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. పని ఉంది. ఉబ్బసం ఉన్నవారి ఇంట్లో నేల ఎలా శుభ్రపడుతుందన్నది వైద్య విషయమే. ఒక పరికరాన్ని మన చేతికిచ్చేవారు దాని వాడకాన్ని ఎలా నేర్పుతారన్నది అంతకంటె పెద్ద వైద్య విషయం. ఈ రెండో సంగతి నాకు డెబ్బై నాలుగో ఏట గాని పూర్తిగా బోధపడలేదు.

మేము విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాము. మా శ్రీమతికి ముప్పై ఏళ్లుగా ఉబ్బసం. రోజూ పీల్చే మందుతో అది అదుపులోనే ఉండేది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో నిలిచిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లో పనిచేసే ఆమె ఇల్లు సింగ్ నగర్‌లోనే. నీళ్లు తీశాక ఇంటినిండా మిగిలిన బురదను ఎత్తిపోసుకోవడానికే ఆమెకు వారాలు పట్టింది. అటువంటప్పుడు పనికి రమ్మని అడగడం ధర్మం కాదు. నెల రోజులు మా శ్రీమతే చీపురు పట్టింది.

వరద తీసిన వీధుల్లోని బురద ఎండకు ఎండి, బండ్ల చక్రాల కింద నలిగి, పొడిగా లేచింది. మా కిటికీల ఊచల మీద వేలితో రాస్తే అక్షరాలు పడేవి. ఆవిడ పొద్దునా సాయంత్రమూ ఊడ్చేది. నేను పక్కనే పడక కుర్చీలో పత్రిక చదువుకుంటూ, చీపురు వచ్చినప్పుడు కాళ్లు పైకెత్తేవాణ్ణి. "దుమ్ముకు దూరంగా ఉండండి" అని ఉద్యోగ జీవితంలో కొన్ని వేలమందికి చీటీ మీద రాసి ఇచ్చినవాణ్ణి. నా ఇంట్లో దుమ్ములో నిలబడి ఉన్నదెవరో చూడలేదు. ఒక రాత్రి ఆవిడకు ఆయాసం హెచ్చి, ఇంట్లోని నెబ్యులైజరుకు లొంగక, ఆసుపత్రిలో రెండు రోజులు ఉండవలసి వచ్చింది.

పొడి చీపురు ఎందుకు చేటు చేస్తుంది?

ఇంటి దుమ్ములో మట్టి ఒక్కటే ఉండదు. మన చర్మం నుంచి రాలే పొలుసులు, నూలు పోగులు, బూజు బీజాలు, బొద్దింకల శిథిలాలు ఉంటాయి. ఆ పొలుసులను తిని బ్రతికే ధూళి పురుగులు ఉంటాయి. ఇవి మిల్లీమీటరులో మూడో వంతుకు మించని జీవులు. మామూలుగా మన కంటికి ఆనవు. వాటి విసర్జనలే ఎక్కువమందిలో అసహనాన్ని కలిగించి తుమ్ములు, ఆయాసం తెస్తాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉండే మన కృష్ణా డెల్టా వంటి చోట్ల ఇవి బాగా వృద్ధి చెందుతాయి. పొడి చీపురు పెద్ద చెత్తను పోగు చేస్తుంది గాని సన్నని ధూళిని నేల మీద నుంచి ముక్కు దాకా లేపుతుంది. అందులో కొంత ఊడ్చినవారు వెళ్లిపోయాక కూడా చాలాసేపు గాలిలోనే ఉంటుంది.

సంగతి తెలిసి, అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ఒక రోబో వ్యాక్యూమ్ క్లీనరును మా ఇంటికి పంపించింది. పళ్లెమంత వెడల్పు, నాలుగు వేళ్ల ఎత్తు. మా శ్రీమతి చూడగానే దానికి "తాబేలు" అని పేరు పెట్టింది. మీట నొక్కితే వైఫై లేకపోయినా అది ఊడుస్తుంది. కాని మాకు కావలసింది ఆవిడ గదిలో లేని వేళ, అంటే సాయంత్రం డాబా మీద నడిచే సమయంలో, అది తనంతట తాను పనిచేయడం. దేవుడి గదిలోకి వెళ్లకుండా హద్దు గీయడం కూడా. ఆ సదుపాయాలన్నీ ఫోనులోని యాప్‌లో ఉన్నాయి. యాప్ రావాలంటే యంత్రాన్ని ఇంటి వైఫైకి కలపాలి.

కలపడానికి నేను కూర్చున్నాను. మూడు వారాలు కూర్చున్నాను.

యాప్ దించుకున్నాను. వైఫై పేరు ఎంచుకున్నాను. పాస్‌వర్డు కొట్టాను. తెర మీద చక్రం తిరిగి తిరిగి "కలపడం సాధ్యపడలేదు" అన్న అర్థం వచ్చే ఆంగ్ల వాక్యం వచ్చింది. యంత్రం కూడా ఒక స్త్రీ కంఠంతో ఆంగ్లంలో అదే మాట చెప్పింది. అమ్మాయికి వాట్సాప్ వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి పదిన్నర. "నాన్నా, ఇప్పుడు ఫోనులో వైఫై మార్చు" అని ఆమె చెప్పడం, నేను మార్చడం, ఆ క్షణాన కాల్ తెగిపోవడం. ఫోనును యంత్రపు హాట్‌స్పాట్‌కు మార్చగానే ఇంటర్నెట్టు పోతుంది కదా! సరిగ్గా సాయం కావలసిన మెట్టు దగ్గర చెప్పే మనిషి మాయమయ్యేది. నాలుగు రోజులు ఇలా జరిగాక అమ్మాయి గొంతులో విసుగు వినిపించింది. "ఇది చాలా సులభం నాన్నా" అంది. ఆ మాట నాకు చురుక్కుమంది. ఎక్కడో విన్న మాట. ఎవరో అన్న మాట కాదు, నేనే అన్న మాట.

1990 దశకంలో నేను దివిసీమలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. కుప్ప నూర్పుళ్ల రోజుల్లో వరి దుమ్ముకు ఆయాసంతో వచ్చే రైతులు, కూలీలు చాలామంది. వారిలో ఒక మధ్యవయస్కుడికి పీల్చే మందు రాసిచ్చాను. గొట్టాలలో పొడి ఉంటుంది. గొట్టాన్ని రోటాహేలర్ అనే చిన్న పరికరంలో పెట్టి, తిప్పి, నోటితో గట్టిగా లోపలికి పీల్చాలి. "రోజుకు రెండు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. చాలా సులభం" అని చెప్పి తరువాతి మనిషిని పిలిచాను. నెల తరువాత ఆయన మరింత ఆయాసంతో వచ్చాడు. వాడుతున్నావా అని అడిగితే, "క్రమం తప్పకుండా మంచినీళ్లతో వేసుకుంటున్నానండి" అన్నాడు. పరికరమేదని అడిగితే, అది ఎందుకిచ్చారో తెలియక చూరులో దాచానన్నాడు. నేను వరుసలో ఉన్నవారందరి ఎదుటా గద్దించాను. ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఎన్నడూ రాలేదు.

ఆ రోజుకు ఎదుటివాడి తెలివితక్కువని తీర్మానించుకున్నాను. ఇప్పుడు తాబేలు ముందు చతికిలబడి ఆలోచిస్తే, ఆయన చేసిన తప్పు ఒక్కటీ కనిపించలేదు. గొట్టాన్ని నోట్లో వేసుకుని మింగడమే ఆయనకు అంతవరకు తెలిసిన వైద్యం. తెలియనిది చూపించవలసినవాణ్ణి నేను. చూపించలేదు.

మా పనిమనిషి తిరిగి పనికి వచ్చాక, ఒక ఆదివారం పాలిటెక్నిక్ చదువుతున్న ఆమె కూతురు తల్లి కోసం వచ్చింది. నా అవస్థ చూసింది. నేను ఫోను ఆ పిల్ల చేతికి ఇవ్వబోయాను. "వద్దు తాతగారూ, ఫోను మీ చేతిలోనే ఉంచుకోండి. నేను చెబుతాను, మీరు నొక్కండి" అంది. ముందుగా నేను ఏమేం చేశానో వరుసగా చెప్పమంది. రోగి చరిత్ర అడగడమంటే అదే కదా! విన్నాక మూడు కారణాలు పట్టుకుంది.

మొదటిది: మా రూటరు రెండు పేర్లతో వైఫై చూపుతుంది. ఒక పేరు చివర 5జీ అని ఉంటుంది. 5జీ మేలైనదని నేను దాన్నే ఎంచుకున్నాను. అది సెల్‌ఫోన్ల 5జీ కాదట, 5 గిగాహెర్ట్జ్ తరంగాలట. ఇటువంటి గృహ యంత్రాలలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలే అందుతాయి. ఈ తరంగాలు పొడవైనవి. వేగం తక్కువైనా గోడలు దాటి దూరం పోతాయి. గదులన్నీ తిరిగే యంత్రానికి కావలసింది వేగం కాదు, అందుబాటు.

రెండోది: యాప్ నా స్థానం తెలుసుకోవడానికి అనుమతి అడిగితే, మోసమేమోనని నిరాకరించాను. నా జాగ్రత్త తప్పు కాదు. అయితే చుట్టూ ఉన్న వైఫై పేర్లను బట్టి మనం ఎక్కడున్నామో ఊహించవచ్చు గనుక, ఆండ్రాయిడ్ ఫోన్లలో వైఫై వెతికే యాప్‌లకు చాలావరకు ఆ అనుమతి కావాలి. "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అన్నదాన్ని ఎంచుకుంటే చాలు.

మూడోది: యంత్రపు హాట్‌స్పాట్‌కు కలిసిన ఫోను, అందులో ఇంటర్నెట్టు లేదని గ్రహించి, నాకు చెప్పకుండా మొబైల్ డేటాకు మారిపోతున్నది. కలిపే ఆ రెండు నిమిషాలు మొబైల్ డేటా ఆపాలి. "ఇంటర్నెట్టు లేదు, ఇందులోనే ఉండాలా?" అని ఫోను అడిగితే ఉండాలనే చెప్పాలి.

పది నిమిషాలలో యంత్రం కలిసింది. నేను లేవబోతుంటే ఆ పిల్ల, "ఇప్పుడు దీన్ని యాప్ నుంచి తీసేద్దామండి. మళ్లీ మొదటి నుంచి మీరే కలపండి. నేను మాట్లాడను, చూస్తాను" అంది. రెండోసారి ఒక చోట తడబడ్డాను. మూడోసారి తడబడలేదు. నేర్చుకున్నవారిచేత తిరిగి చేయించి చూడడాన్ని వైద్యవిద్యలో గొప్ప పద్ధతిగా బోధిస్తారు. ఎవరూ బోధించకుండానే ఆ పిల్ల ఆచరించింది.

మీరు కలపదలిస్తే ఈ క్రమం పాటించండి

యంత్రాన్ని పూర్తిగా చార్జి చేసి, రూటరు ఉన్న గదిలోనే ఉంచండి. ఫోనును ముందుగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి. పాస్‌వర్డును పెద్ద, చిన్న అక్షరాల తేడాతో సహా కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. యాప్‌ను పెట్టె మీదనో పుస్తకంలోనో ఉన్న క్యూఆర్ కోడ్ ద్వారా దించుకోండి. యంత్రం మీది మీటలను పుస్తకంలో చెప్పినంతసేపు నొక్కి పట్టుకుంటే దీపం మిణుకుతుంది. అప్పుడే అది కలవడానికి సిద్ధమైనట్లు. మొబైల్ డేటా ఆపి, యంత్రపు హాట్‌స్పాట్‌కు మారి, యాప్‌లోకి తిరిగి వచ్చి ఆగండి. పని పూర్తయ్యాక మొబైల్ డేటా మళ్లీ పెట్టుకోవడం మరువకండి. దూరాన ఉన్న పిల్లల సాయం కావాలంటే వీడియో కాల్‌ను ఇంట్లో ఉన్న రెండో ఫోనులో, దాని సొంత మొబైల్ డేటాతో చేయండి. ఈ చిన్న ఉపాయం తెలిస్తే మా అమ్మాయికీ నాకూ నాలుగు రాత్రుల నిద్ర మిగిలేది.

కొన్ని హెచ్చరికలు

యంత్రం వచ్చిందని పీల్చే మందు మానకండి. నేల శుభ్రత మందుకు తోడు, బదులు కాదు. ధూళి పురుగుల అసలు నివాసం పరుపులు, దిండ్లు. దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతికించండి. ఫ్యాను రెక్కలు తడిగుడ్డతో తుడిపించండి.

యంత్రంలో హెపా వడపోత ఉంటే మేలు. దాని ధూళి డబ్బాను ఉబ్బసం ఉన్నవారు ఖాళీ చేయకూడదు. వేరొకరు, ముక్కుకు మాస్కు కట్టుకుని, ఇంటి బయట చేయాలి. మా ఇంట్లో ఆ పని నాది.

పెద్దవారికి నేల మీద కదిలే వస్తువు, చార్జరు తీగ రెండూ ప్రమాదమే. కాలు తగిలి పడితే తుంటి ఎముక విరగవచ్చు. తీగను గోడవారగా అతికించండి. ఎవరూ నడవని వేళకే యంత్రానికి సమయం పెట్టండి. మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గినవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

యంత్రం కలవకపోతే, ఇంటర్నెట్టులో వెతికి దొరికిన ఏదో "కస్టమర్ కేర్" నంబరుకు ఫోను చేయకండి. పుస్తకంలో అచ్చయిన నంబరుకే చేయండి. వైఫై కలపడానికి బ్యాంకు ఓటీపీ గాని, మీ ఫోను తెరను చూసే మరో యాప్ గాని అవసరం లేదు. అవి అడిగినవాడు దొంగ.

ఇప్పుడు సాయంత్రం ఆరుకు తాబేలు బయలుదేరుతుంది. ఆ వేళకు మా శ్రీమతి డాబా మీద ఉంటుంది. యంత్రం వచ్చిన రోజున పనిమనిషి దాన్ని చూసి ఏమీ అనలేదు గాని, మా ఆవిడ ఆమె ముఖం చదివి, జీతం తగ్గదని అప్పుడే చెప్పింది. ఆమెకూ ఊడ్చేటప్పుడు తుమ్ములు, రాత్రిళ్లు దగ్గు వస్తాయని తొమ్మిదేళ్లలో మొదటిసారి అడిగి తెలుసుకున్నాను. పరీక్ష చేసి మందు రాశాను. పీల్చే మందే. ఈసారి పరికరం విప్పి చూపించాను, ఆమె చేత చేయించాను, మరునాడు మళ్లీ చేయించి చూశాను. రెండోరోజున ఆమె పీల్చిన తరువాత ఊపిరి బిగబట్టడం మరిచింది. దివిసీమ రైతు జ్ఞాపకం వచ్చింది. మూడోరోజు కూడా చేయించాను.

వయసు మీరిన మిత్రులారా, ఒక పరికరం మీకు లొంగకపోతే మీ బుద్ధి మందగించిందని కుంగిపోకండి. ఏ మెట్టు దగ్గర ఆగిందో రాసి పెట్టుకుని, చూపించగలవారిని అడగండి. పిల్లలారా, పెద్దల చేతిలోంచి ఫోను లాక్కుని పని చేసిపెట్టకండి. వారి చేతనే చేయించండి. నా తోటి వైద్యులారా, "చాలా సులభం" అన్న మాటను చీటీతో పాటు ఇవ్వకండి.

ఆ రైతు ఇప్పుడు ఉన్నాడో లేడో. ఉంటే నా వయసువాడే అయి ఉంటాడు.

అందరూ ఆరోగ్యంగా ఉండండి.